గోనెపట్టా చుట్టిన కుండీలు

గార్డెన్ రీచ్, కలకత్తా
20 నవంబరు 1988

పిన్నీ,

షిల్లాంగు చేరాక నువ్వు రాసిన ఉత్తరం అందింది. బ్యాంకు వాళ్లు బాబాయిని అంత కొండమీదికి ఎక్కిస్తారని ఎవరనుకున్నారు? మొన్నటిదాకా బస్సెక్కితే మీ ఇల్లు. ఇప్పుడు నీతో ఒక మాట అనాలంటే ఉత్తరం రాసి, జవాబు కోసం దారి చూస్తూ కూర్చోవాలి.

ముందు నా సంగతి. ఆరో నెల నడుస్తోంది. వాంతులు తగ్గాయి, అన్నం సయిస్తోంది. అయినా భయమే. పోయినసారి నాలుగో నెలలో ఏం జరిగిందో నీకు తెలుసు, ఆస్పత్రిలో నా పక్కన కూర్చున్నది నువ్వే. లోపల కదిలితే భయం, కదలకపోతే మరీ భయం. మీ అల్లుడు గోవిందరాజు నా మొహం చూసి ఆఫీసుకు వెళ్లడానికి కూడా జంకుతున్నాడు.

మా అత్తయ్య అమ్మన్నమ్మగారు టికియాపారా నుంచి, అంటే మా బావగారింటి నుంచి వచ్చారు. నా పురుడయ్యేదాకా ఇక్కడే ఉంటారు. మనసు మంచిదే. పళ్లెంలో అన్నం మిగిల్చితే మాత్రం ఊరుకోరు. చిక్కు వచ్చింది నీ చెట్లతో. నువ్వు అప్పగించిన మూడు కుండీలూ, చింత, జువ్వి, ఎల్మ్, వరండాలో పెట్టుకున్నాను కదా. వచ్చిన రోజున ఆవిడ కాఫీ గ్లాసు పట్టుకుని వాటి ముందు నిలబడిపోయారు.

"ఏటే ఇది? సింత సెట్టే? ఇంతేనా?"

"బోన్సాయ్ అత్తయ్యా. కొమ్మలూ వేళ్లూ కత్తిరిస్తూ చిన్నగానే ఉంచుతారు. మా పిన్ని పెంచింది."

"యేళ్లు కోసేస్తారా?" అన్నారు. మధ్యాహ్నానికి మూడూ డాబా మీదికి వెళ్లిపోయాయి. కడుపుతో ఉన్న మనిషి తిరిగే ఇంట్లో ఎదగనివ్వని చెట్టు ఉంటే కడుపులో బిడ్డ కూడా ఎదగదట. "పైన ఉంటే ఉండనీ. గడప మాత్రం దాటకూడదు" అన్నారు. తల్లి ఎదుట మీ అల్లుడికి నోరు పెగలదు. నేను నవ్వేసి ఊరుకున్నాను.

ఇక్కడ చలి మొదలైంది. ఎదురింటి బెంగాలీ బౌది అప్పుడే పిల్లాడికి కోతిటోపీ తొడిగి "ఠండా లేగే జాబే", చలి పట్టేస్తుంది, అంటూ వెంటపడుతోంది. ఆవిడ చలికి నేను భయపడను గానీ, మా డాబాకి అడ్డు ఏమీ లేదు, హుగ్లీ మీది గాలంతా నేరుగా కొడుతుంది. ఇన్నేళ్లూ శీతకాలంలో నువ్వు చింతనీ జువ్వినీ గది లోపలికి తెచ్చేదానివి. ఇప్పుడు లోపలికి తేవడానికి లేదు. బయటే ఉంచి ఎలా కాపాడాలో రాయి. చింత ఆకులు సాయంత్రం ముడుచుకుంటుంటే నాకు దిగులుగా ఉంటోంది.

నీ
హైమ


షిల్లాంగు
1 డిసెంబరు 1988

హైమా,

చలికి భయపడేది నువ్వా? ఇవాళ పొద్దున పెరట్లో తొట్టిలో నీళ్లు గడ్డకట్టి అద్దంలా అయ్యాయి. మీ బాబాయి రెండు స్వెట్టర్ల మీద కోటు తొడిగి, బ్యాంకుకు వెళ్తున్నాడో హిమాలయాలకు వెళ్తున్నాడో తెలియకుండా బయలుదేరాడు. నాతో తెచ్చుకున్న పైన్ చెట్టు హాయిగా ఉంది. దాని పక్క కుండీ మాత్రం పగిలింది. రాత్రి తడిమట్టి గడ్డకట్టి ఉబ్బిందన్నమాట. తప్పు నాదే, సాయంత్రం నీళ్లు పోశాను.

ఇప్పుడు శ్రద్ధగా విను. నేల మీది చెట్టుకి వేళ్ల చుట్టూ బోలెడు మట్టి ఉంటుంది, చలి అంత లోపలికి పోదు. మన చెట్టుకి ఉన్నది పళ్లెమంత కుండీ. చలి ఆకుల్ని కాదు పట్టేది, కుండీ గోడలోంచి వేళ్లని పడుతుంది. కాబట్టి చెట్టుకి ముసుగు వెయ్యకు, కుండీకి వెయ్యి. బల్ల మీంచి దించి, దక్షిణం ఎండ తగిలే గోడ వార, మూడింటినీ దగ్గర దగ్గరగా పెట్టు. చుట్టూ గోనెపట్టా చుట్టి, సందుల్లో ఎండుగడ్డి కుక్కు. మీ డాక్‌యార్డు దగ్గర గోనెలకి కరువా? నీళ్లు పొద్దున ఎండెక్కాకే, అదీ మట్టి పొడిబారితేనే. బొగ్గుల కుంపట్ల మసి ఆకుల మీద పేరుకుంటుంది, తడిగుడ్డతో తుడువు.

చింతా జువ్వీ చలికి ముడుచుకునే జాతి. ఎల్మ్ అలా కాదు, దానికి చలి కావాలి. శీతకాలంలో ఆకంతా రాల్చి పుల్లలా నిలబడి నిద్రపోతుంది. చచ్చిందనుకుని పారేయకు. పొరపాటున కూడా మంట దగ్గర పెట్టకు. వేడి తగిలితే వసంతం వచ్చేసిందనుకుని దాచుకున్న బలమంతా ఖర్చుపెట్టుకుంటుంది.

మీ అత్తగారికి నా నమస్కారాలు. చెట్లకు భయపడే మనిషి గురించి ఇప్పుడే వినడం. నువ్వు మెట్లెక్కకు, పనులన్నీ గోవిందరాజుకి చెప్పు.

పిన్ని


కలకత్తా
13 డిసెంబరు 1988

పిన్నీ,

నువ్వు చెప్పినవన్నీ చేశాం. గోనెలు మీ అల్లుడు తెచ్చాడు. చెట్ల సంగతి ఇంతటితో ఆపుతాను.

నిన్న డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాం. టేపు పెట్టి పొట్ట కొలిచింది. మళ్లీ కొలిచింది. స్కానింగుకి పంపింది. బిడ్డ నెలలకు తగ్గట్టు ఎదగలేదంది. కారణం అడిగితే, చాలాసార్లు కారణం తెలియదు, ఎడమవైపు తిరిగి పడుకో, బాగా తిను, ప్రతి వారం వచ్చి చూపించుకో అంది. "ఎదగలేదు" అన్న మాట ఆవిడ నోట్లోంచి వచ్చినప్పుడు నేను అత్తయ్య వైపు చూడలేదు. ఆవిడా నా వైపు చూడలేదు.

ఇవాళ పొద్దున వంటింట్లో ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడుస్తున్నారు. చెట్లని గంగలో కలిపేద్దామంటున్నారు. నేను వద్దన్నాను. కానీ పిన్నీ, వద్దన్నప్పుడు నా గొంతులో మునుపటి గట్టితనం లేదు.

ఒక్క మాట అడుగుతాను, కోపం తెచ్చుకోకు. ఎవరో అడగమంటే కాదు, నేనే అడుగుతున్నాను. ఇన్నేళ్లూ మీ ఇంట్లో ఆ చెట్లున్నాయి. మీకు పిల్లలు కలగలేదు. ఈ రెంటికీ ఏమీ సంబంధం లేదని నువ్వు నాకు ఒట్టేసి చెప్పగలవా? అలా చెబితే చాలు, నేను పడుకుని నిద్రపోతాను. భయంతో నా బుర్ర పనిచేయడం లేదు.

హైమ


షిల్లాంగు
21 డిసెంబరు 1988

చి. సౌ. హైమకు,

నీ ఉత్తరం చేరింది. నువ్వడిగిన దానికి నేను ఒట్లు వెయ్యలేను. ఆ మాట నా ఎదుట కొందరన్నారు, వెనకాల చాలామంది అన్నారు. అననిదానివి నువ్వు ఒక్కదానివే ఉన్నావనుకున్నాను.

చెట్లు మీ ఇష్టం. గంగలో వెయ్యాలనుకుంటే వెయ్యండి. కుండీలు మాత్రం ఎవరికైనా ఇవ్వండి, పనికొస్తాయి. ఇకమీదట వాటి సంగతి నన్ను అడగవద్దు.

డాక్టరు చెప్పినట్టు నడుచుకో. ఎడమవైపుకే తిరిగి పడుకో.

ఇట్లు
భానుమతి


కలకత్తా
30 డిసెంబరు 1988

పిన్నీ,

నీ ఉత్తరం కింద "భానుమతి" అని చూసి, ఎవరిదో నాకు వచ్చిందనుకున్నాను. నాకు పదేళ్లప్పుడు అమ్మ పోయినప్పటి నుంచి నువ్వు నాకు ఎప్పుడూ ఆ పేరుతో సంతకం చెయ్యలేదు.

నేను ఆ మాట అడగకూడదు. అడిగాను. దానికి ఎన్ని క్షమాపణలు చెప్పుకున్నా చాలవు, అందుకని చెప్పుకోను.

చెట్లు గంగలో వెయ్యలేదు. ఇక్కడ చలి ముదిరింది. వీధి మొగల్లో రిక్షా వాళ్లు ఏది దొరికితే అది పోగేసి మంట వేసుకుంటున్నారు. మంచుకి ఎదుటి డాబా కనిపించడం లేదు. నిన్న సాయంత్రం గాలికి గోనెలు జారిపోయాయేమోనని మనసు ఊరుకోక పైకి వెళ్లాను. మెట్ల మీద ఆగి ఆగి ఎక్కాను. నిజంగానే జారిపోయాయి. ఎల్మ్ ఆకులు పసుపుపచ్చగా అయ్యాయి. వంగి పట్టా కడుతుంటే వెనకాల అత్తయ్య.

"దిగు. బేగి దిగు. సెట్ల కోసం నీ పేనం మీదికి తెచ్చుకుంటావా, నా మనవడి పేనం మీదికి తెస్తావా?"

చెయ్యి పట్టుకుని దింపారు. తిట్టడానికి వచ్చిన మనిషి తిట్టలేక ఏడ్చేశారు.

ఇవాళ పొద్దున్నుంచి లోపల కదలిక తగ్గింది. పడుకుని చూశాను. పంచదార నీళ్లు తాగి చూశాను. ఒకసారి కదిలినట్టనిపించింది, అది నా గుండె కొట్టుకోవడమేమో తెలియదు. మీ అల్లుడు టాక్సీకి వెళ్లాడు, ఆస్పత్రికి వెళ్తున్నాం. అతను వచ్చేలోగా ఇది ముగించాలి. పోస్టు కూడా అతనే చేస్తాడు.

కోపం ఉంటే తరవాత పడు. నిన్ను చూడాలని ఉంది. చాలా భయంగా ఉంది పిన్నీ.

హైమ


కలకత్తా
9 జనవరి 1989

వదినకి అమ్మన్నమ్మ దండాలు.

నాకు రాత రాదు. కింద ఇంటి గవరయ్య మేష్టరు రాస్తన్నారు. నాను సెప్పింది సెప్పినట్టే రాయమన్నాను, సదువుకున్నోల బాసలోకి మార్సొద్దన్నాను. నా కొడుక్కి తెలుగు రాయడం సరిగ్గా రాదు. కోడలు ఆస్పత్రిలో ఉన్నాది.

కొత్త సంవచ్చరం పుట్టిన మర్నాడు పురుడొచ్చినాది. ఆడగుంట. ఏడున్నర నెల్లకే వొచ్చేసినాది. పావురాయి పిల్లంత ఉన్నాది వదినా. గాజు పెట్టెలో ఎట్టినారు. ఎత్తుకోనివ్వరు, తాకనివ్వరు. అద్దంలోంచి సూసి వొచ్చేయాల. నూనె రాయడానికి నేదు, నీలు పొయ్యడానికి నేదు, సాంబ్రాణి ఎయ్యడానికి నేదు. ముగ్గురు కొడుకుల్ని కన్నాను, ఆరుగురు మనవల్ని ఈ సేతుల్తో పెంచినాను. ఇప్పుడీ సేతులు పెట్టుకుని ఊరికే కూకున్నాను.

అబద్దం సెప్పను. పురుడైన దినం ఇంటికొచ్చి, సెట్లు గంగలో పారేద్దారనే డాబా ఎక్కినాను. మంచు కురుస్తన్నాది. సంటిపిల్లకి పొత్తిగుడ్డ సుట్టినట్టు కోడలు కుండీలకి గోనిపట్టాలు సుట్టి ఉన్నాది. నాకు సెయ్యి ఆడనేదు. ఇంతింత సిన్న పేనాల్ని గడప దాటనీకుండా సలిలోకి ఒగ్గేసినాను. అందుకే మా గుంట కూడా ఏల కాని ఏల సలిలోకొచ్చి పడ్డాదేమో అని భయమేసినాది. ఎవరితో సెప్పుకోను ఈ మాట? నీతోనే సెప్తన్నాను.

మూడూ నానే కిందకి మోసినాను. కుంపటి పక్కన ఎట్టినాను. నా కంబలి కప్పినాను. పొద్దున్నొకసారి, మాపటేలొకసారి గోరెచ్చటి నీలు పోస్తన్నాను. సాంబ్రాణి ఏస్తన్నాను. ఆ గుంటకి సెయ్యలేనివన్నీ ఈటికి సేస్తన్నాను.

రెండు బాగానే ఉన్నాయి. మూడోది, ఆకులు సన్నగా ఉండేది, ఎంత సేసినా ఆకులన్నీ రాల్సేసినాది. ఒక్కటి నేదు. ఎండుపుల్ల. కోడలికి సెప్పనేదు. నా కొడుక్కి సెప్పినా ఆడికేటి తెలుసు? ఆ సెట్టు సచ్చిపోయిందంటే నాకు ఆస్పత్రికి ఎల్లడానికి కాళ్లు రావు. అక్కడ ఏటి సూడాల్సొస్తాదో అని భయం. ఏటి సెయ్యాలో బేగి రాయి.

ఇంకో మాట. నీకు పిల్లలు నేరని, సెట్ల వల్లేనా అని కోడలు నిన్ను అడిగినాది కదా. ఆ మాట నాది. నాను పోరగా పోరగా రాసినాది. "అత్తయ్య అడగమన్నారని రాయను, పిన్నికి మీ మీద కోపం వొస్తాది" అన్నాది. నీ ఉత్తరం వొచ్చిన దినం అన్నం తిననేదు. కోపం నా మీద పడు. దాని మీద వొద్దు.

అమ్మన్నమ్మ


షిల్లాంగు
17 జనవరి 1989

వదినగారికి భానుమతి నమస్కారాలు.

గవరయ్య మాస్టారూ, దయచేసి ఇది ఆవిడకి చదివి వినిపించండి. ఒక్క ముక్క కూడా వదలకండి.

టెలిగ్రాం అందే ఉంటుంది. చెట్లను కుంపటి దగ్గర్నుంచి తీసేయమన్నాను, మూడోది బతికే ఉందన్నాను. ఎందుకో ఇప్పుడు చెబుతాను. వదినా, అది చావలేదు. అది ఎల్మ్. ప్రతి శీతకాలం ఆకు రాలుస్తుంది. మీరు ఏమీ చెయ్యకపోయినా రాల్చేది. హైమకి ఇదంతా రాశాను గానీ మీకు తెలిసే దారి లేదు. మీకు నమ్మకం కుదరాలంటే చెట్టు మొదలు దగ్గర ఒకచోట బెరడు మీద గోటితో కొంచెం గీరండి. కింద పచ్చగా కనిపిస్తే ప్రాణం ఉన్నట్టు. ఒక్కసారే గీరండి. మళ్లీ మళ్లీ గీరితే దానికి గాయమవుతుంది.

చింతనీ జువ్వినీ చలి తగ్గేదాకా కిటికీ దగ్గర ఉంచండి. ఎల్మ్‌ని మాత్రం డాబా మీద గోడ వార పెట్టేయండి, కుండీకి గోనె చుట్టండి. దానికి చలి కావాలి. చలిలోకి ఒగ్గేశానని మీరు కుమిలిపోతున్నారు, దానికి కావలసింది అదే. నీళ్లు ఒకపూటే, చన్నీళ్లు. సాంబ్రాణి మానేయండి. ఈ వాక్యం రాస్తూ నవ్వాను, వెంటనే ఏడుపొచ్చింది. అద్దం అవతల ఉన్న పిల్లకి చెయ్యలేక నా చెట్లకి చేశారు. ఆ చెట్లకి అంత సేవ నేనూ చెయ్యలేదు.

ఇక ఆ ప్రశ్న. హైమ అడిగినప్పుడు జవాబు చెప్పకుండా కోపగించుకున్నాను. ఇప్పుడు మీ ఇద్దరికీ కలిపి చెబుతున్నాను. నాకు పెళ్లైన ఆరేళ్లకి డాక్టర్లు ఇక పిల్లలు కలగరన్నారు. మా ఇంట్లో అప్పటికి తులసి తప్ప మరో మొక్క లేదు. ఆ తరవాత ఏడాది వేసవికి ఈయన నన్ను కాలింపాంగ్ తీసుకెళ్లారు, ఊరు మారితే మనసు తేలికవుతుందని. అక్కడ ఒక నర్సరీలో ఈ ఎల్మ్ కనబడింది. అప్పటికే పెద్దది. ఇంటికి తెచ్చి రోజూ చూసుకోవడానికి ఏదో ఒకటి కావాలనిపించి తెచ్చుకున్నాను. చెట్లొచ్చి పిల్లలు పోలేదు వదినా. పిల్లలు లేరని తెలిశాక చెట్లొచ్చాయి. లోకం మాత్రం చెట్లని ముందు చూసింది.

ఎల్మ్‌కి ఇప్పుడు ముప్పయ్యేళ్లు దాటాయి. హైమ కన్నా పెద్దది.

పాప ఎలా ఉందో మీరు ఒక్క మాట రాయలేదు. దాని కోసం మీ ఉత్తరం మళ్లీ మళ్లీ వెతికాను. పావురాయి పిల్లంత అన్నారు, అంతే. ఊపిరి బాగా తీసుకుంటోందా? పాలు పడుతున్నారా? ఎలా ఉన్నా సరే, ఉన్నది ఉన్నట్టు రాయించండి. ఇక్కడ కూర్చుని ఊహించుకోవడం నా వల్ల కావడం లేదు.

హైమకి చెప్పండి, పిన్నికి కోపం లేదని. అసలు ఎప్పుడూ కోపం కాదని, దెబ్బ తగిలిందని. తగ్గిపోయిందని కూడా చెప్పండి.

మీ
భానుమతి


కలకత్తా
26 ఫిబ్రవరి 1989

పిన్నీ,

పాప ఇంటికి వచ్చింది. మంగళవారం పంపించారు. మధ్యలో నేను పంపిన కార్డుల్లో ముక్తసరిగా రాశాను, రాయడానికి చెయ్యి రాలేదు. ఒకసారి ఊపిరి ఆగితే నర్సు అరికాలు మీద తట్టి తెప్పించింది. అద్దం ఇవతల నుంచి అది నేను చూశాను. ఆ తరవాత కళ్లు మూసుకుంటే అదే కనిపిస్తోంది. ఇప్పుడు పాలు తాగుతోంది, గట్టిగా ఏడుస్తోంది. ఇంకా చిన్నదే. డాక్టరమ్మ మెల్లగా పుంజుకుంటుందంది. మెల్లగా అంటే ఎంత మెల్లగానో చెప్పలేదు, నేనూ అడగలేదు.

నీ ఉత్తరం గవరయ్య మాస్టారు చదివి వినిపించినప్పుడు నేను లేను. అత్తయ్య ఒక్క వాక్యం దగ్గర ఆపించి మళ్లీ చదివించుకున్నారట. నేను ఇంటికి రాగానే నన్నూ అడిగారు.

"ఇంత సెట్టు ముప్పయ్యేళ్లు బతికినాదా? నిజమేనా? నీకన్నా పెద్దదా?"

నిజమే అత్తయ్యా అన్నాను. మర్నాడు చూస్తే పాప ఉయ్యాల వేసిన గదిలో, కిటికీ ముందు, ఎల్మ్ కుండీ ఉంది. గడప దాటొద్దన్న చెట్టే. వేసంగి వస్తోంది కాబట్టి నీ చలి రూలు ఇక పనిచెయ్యదని నాకే చెప్పారు. ఏప్రిల్లో వస్తానని రాశావుగా, అప్పుడు చింతా జువ్వీ తీసుకెళ్లొచ్చట. ఇది మాత్రం ఇవ్వరట. నువ్వు పోట్లాడాలంటే ఆవిడతోనే పోట్లాడు, నేను మధ్యలో రాను.

ఎల్మ్ చిగురించింది. కొమ్మ కొమ్మకీ బియ్యపుగింజలంత చిగుళ్లు. ఇవాళ ఆకుల మీది మసి తుడుద్దామని కుండీ పక్కన కూర్చున్నాను. చెట్టు మొదలు మీద గోటి గాట్లు. ఒకటి కాదు, చుట్టూ ఉన్నాయి. ఒక్కసారే గీరమని నువ్వు రాశావు, మాస్టారు చదివారు, ఆవిడ విన్నారు. చాలా గాట్లు మాని నల్లబడ్డాయి. ఒకటి మాత్రం ఇవాళ్టిది, ఇంకా పచ్చగా తడిగా ఉంది. చిగుళ్లు కళ్లెదుట కనబడుతుంటే ఇంకా గీరి చూడడం ఎందుకని అడుగుదామని లేచాను.

పాప నిద్రపోతోంది. అత్తయ్య ఉయ్యాల మీదికి వంగి దాని ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తున్నారు. నన్ను చూసి వేలు తీసేసి, వంటింట్లో ఏదో పని గుర్తొచ్చినట్టు వెళ్లిపోయారు. ఆవిడ అటు వెళ్లాక నేనూ వంగి వేలు పెట్టి చూశాను. వెచ్చగా తగిలింది.

నీ
హైమ